కళ్లద్దాల మావయ్య ఏమీ ముట్టుకోలేదు

కళ్లద్దాల మావయ్య పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఏ వస్తువునూ ముట్టుకోలేదు. ఈ మాట ఆయనే చెబుతాడు, అదీ చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని. గోడగడియారం ముళ్ళు వెనక్కి తిరుగుతున్నా, వంటగది కుళాయి మూస్తే కారి తెరిస్తే ఆగిపోతున్నా, ఇస్త్రీపెట్టెలోంచి స్ప్రింగు ఎగిరి అటకెక్కినా, ఇంట్లోవాళ్ళు ముందు ఆయన మొహమే చూస్తారు. ఆయన ఆ వస్తువు వంక, పాపం దీనికేమొచ్చిందో అన్నట్టు జాలిగా చూసి, "నేనేం ముట్టుకోలేదు" అంటాడు. స్క్రూడ్రైవర్ అప్పుడు జేబులోకి వెళుతుంది.

జేబంటే అందరూ పెన్ను పెట్టుకునే చొక్కా జేబే. ఆయనది కళ్లద్దాల దుకాణం. ముందు దుకాణం, వెనక ఇల్లు, మేడ మీద అద్దెకిచ్చిన రెండు గదులు. దుకాణంలో గోడకి అక్షరాలు రానురాను చిన్నవయ్యే బోర్డు, దానికెదురుగా ఎత్తు స్టూలు, గాజుబల్ల కింద వరసగా ఫ్రేములు, బల్ల మీద చిన్న చిన్న డబ్బాల్లో కళ్లజోళ్ళకి వేసే ముక్కు బిళ్ళలు, చీమ తలంత మరమేకులు. ఆ మరమేకుల కోసమే ఆ స్క్రూడ్రైవర్ కొన్నాడు. కానీ దానితో తిరిగే మరమేకు లోకంలో ఏ వస్తువుకి కనిపించినా మావయ్య చేతులు ఊరుకోవు. వచ్చినవాళ్ళందరి కళ్లజోళ్ళూ ముచ్చటగా అమర్చే మనిషి, సొంత కళ్లజోడుకి మాత్రం ఒక కాడ నలుపు, రెండోది గోధుమరంగు. ఇదేమిటని అడిగితే, అది మొదట్నుంచీ అలాగే ఉందనీ, తానేం ముట్టుకోలేదనీ చెబుతాడు.

పెళ్ళయిన కొత్తలో అత్తయ్య ఈ మాట నిజంగానే నమ్మింది. ఒకసారి ఆవిడ కుట్టుమిషన్ ముందుకి కుట్టాల్సింది వెనక్కి కుట్టడం మొదలుపెట్టింది. మిషన్లకి కూడా వయసు మీద పడుతుంది కాబోలునని ఆవిడ సరిపెట్టుకుంది. తరవాత ఆయన చొక్కా ఉతుకుతుంటే మిషన్ తాలూకు మరమేకు జేబులో దొరికింది. నిలదీస్తే, దానంతటదే వచ్చి జేబులో పడి ఉంటుందన్నాడు. అప్పట్నుంచీ ఆవిడ బయటికి వెళ్ళేటప్పుడు తలుపులు వేశామా లేదా అని చూడదు, రేడియోకి మీటలన్నీ ఉన్నాయా లేదా అని చూస్తుంది. తిరిగొచ్చాక మళ్ళీ చూస్తుంది.

ఆయన మేనకోడలికి మాత్రం ముట్టుకోలేదన్న మాట వింటే నవ్వు రావడం ఎప్పుడో మానేసింది. ఆమె ఒక పెద్ద ఆఫీసులో, మొరాయించిన కంప్యూటర్లను దారికి తెచ్చే విభాగంలో పనిచేస్తుంది. పొద్దున్న కుర్చీలో కూర్చున్నది మొదలు లేచేదాకా ఆమె చెవిన పడేది ఇదొక్కటే పాట. కీబోర్డులో టీ ఒలకబోసినవాడూ ముట్టుకోలేదంటాడు, తీగ కాలికి చుట్టుకుని కంప్యూటర్ను కిందపడేసినవాడూ ముట్టుకోలేదంటాడు. నీళ్ళు కారుతున్న ల్యాప్‌టాప్ తెచ్చి, అసలు తెరిచిందే లేదన్న పెద్దమనిషి కూడా ఉన్నాడు. మొదట్లో ఆమె వాదించేది. ఇప్పుడా ఓపిక లేదు. అలాగేనండీ, దానంతటదే అయింది అని చెప్పి తీసుకుంటుంది. సెలవు రోజున ఆమె కోరుకునేది ఒక్కటే, ఏదీ ముట్టుకోని మనుషులు తన జోలికి రాకుండా ఉండడం.

అలాంటి ఒక సెలవు రోజున తలస్నానం చేసి, జుట్టు ఆరాక మళ్ళీ పడుకుందామా అని ఆమె ఆలోచిస్తుండగా మావయ్య ఫోన్ చేశాడు.

"అమ్మడూ, ల్యాప్‌టాప్ నన్ను దొంగ అంటోందే."

"ఏం చేశావు మావయ్యా?"

"నేనేం ముట్టుకోలేదు."

ఆమె ఒక నిట్టూర్పు విడిచి, తడిజుట్టు అలాగే ముడేసుకుని బయల్దేరింది.

ఆ ల్యాప్‌టాప్ దుకాణం కోసం ఆమే ఎంచి కొన్నది. దాన్ని నడిపించే ఆపరేటింగ్ సిస్టమ్ దొంగ కాపీ కాకూడదని పట్టుబట్టి, లైసెన్స్ సక్రమంగా కొని, తన చేతుల్తో ఎక్కించింది. అందుకు కారణం ఉంది. అద్దాలు తయారుచేసే కంపెనీ ఆర్డర్లన్నీ తమ సొంత ప్రోగ్రాం ద్వారానే తీసుకుంటుంది. ఆ ప్రోగ్రాంకి అనుమానం జాస్తి, లైసెన్స్ ఖరారు కాని కంప్యూటర్ గడప తొక్కదు. ఇప్పుడు తెర మూలన, ఈ కాపీ అసలైనదని రుజువు కాలేదు అన్న అక్షరాలు వచ్చి తిష్ఠ వేశాయి. కంపెనీ ప్రోగ్రాం తలుపేసుకుంది. ఆర్డర్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

ఆగిపోయిన ఆర్డర్లలో ఒకటి ఎత్తు స్టూలు మీద కూర్చుని ఉంది. ఆయన బస్సు డ్రైవరు. కళ్ళ పవరు మారింది, కొత్త అద్దాలు పెట్టుకొచ్చి చూపిస్తే తప్ప బస్సు చేతికివ్వమని డిపోలో తేల్చి చెప్పారు. ఇంట్లో కూర్చుంటే దిగులుగా ఉందని, డ్యూటీకి వచ్చినట్టు రోజూ దుకాణానికి వచ్చి కూర్చుంటున్నాడు. గుమ్మంలో ఎవరైనా ఆగితే, ఫుట్‌బోర్డు మీద నిలబడకండి, లోపలికి రండి అంటున్నాడు. మావయ్య పూటపూటా టీ ఇప్పిస్తున్నాడు.

"అద్దాలు ఎప్పుడొస్తాయి డాక్టరుగారూ?" అని డ్రైవరు అడిగాడు.

తాను డాక్టరును కానని మావయ్య ఎప్పట్లాగే చెప్పి, మేనకోడలి వైపు చూశాడు. డ్రైవరు కూడా ఆమె ఉన్న దిక్కుకి చూశాడు. అంత దూరంలో ఆయనకి ఆమె ఒక మసక మరకలా కనిపించి ఉంటుంది గానీ, ఆశ మాత్రం స్పష్టంగా ఉంది. ఆఫీసులో అయితే కనీసం మధ్యాహ్నం భోజనానికి లేవనిస్తారు అనుకుంటూ ఆమె సంచి కింద పెట్టింది.

ముందు తేదీ చూసింది, తేదీ తప్పయితే లైసెన్స్ చెల్లదు. సరిగ్గానే ఉంది. నెట్ ఉంది. కొన్నప్పుడు ఇచ్చిన లైసెన్స్ నంబరు మళ్ళీ కొట్టింది, ల్యాప్‌టాప్ కాసేపు గింజుకుని కుదరదంది. ఆపి మళ్ళీ వేసింది. ఇలా ఆపి వేస్తే ఆఫీసులో సగం జబ్బులు పోతాయి. ఇది మిగతా సగంలోది.

ఇక మిగిలింది ఫోన్ దారి. లైసెన్స్ అమ్మిన కంపెనీ నంబరుకి ఫోన్ చేస్తే అవతల మనిషి ఉండడు, గొంతు ఒకటే ఉంటుంది. తెర మీద కనిపించే బారెడు అంకెలు దానికి నొక్కి పంపాలి, దానికి నచ్చితే తిరిగి అంకెలు చెబుతుంది, అవి ల్యాప్‌టాప్‌లో కొట్టాలి. తెర మీద అంకెలు చదువుతూ ఉండమని మావయ్యకి అప్పగించి, ఆమె ఫోన్ మీదికి వంగింది. వరసగా పేర్చిన అంకెలు కనిపించేసరికి మావయ్యకు వృత్తిధర్మం గుర్తొచ్చింది. చప్పుడు కాకుండా తెరను డ్రైవరు వైపు తిప్పి, ఎడమకన్ను మూసుకుని పైవరస చదవమన్నాడు.

డ్రైవరు ఎనిమిదిని మూడన్నాడు, ఆరుని సున్నా అన్నాడు. తడబడిన చోటల్లా మావయ్య తొందరేం లేదని ధైర్యం చెప్పాడు. తడిజుట్టు మెడకి అంటుకుని చిరాకుగా ఉన్న మేనకోడలు, ఎవరి గొంతో కూడా పట్టించుకోకుండా విన్నవి విన్నట్టు నొక్కుకుంటూ పోయింది. అంతా విన్నాక అవతలి గొంతు ఎంతో మర్యాదగా, ఇలాంటి సంఖ్య ఎక్కడా లేదని చెప్పి లైను కట్ చేసింది.

"మావయ్యా, నిన్ను కదా చదవమన్నాను."

"ఆయనకి పవరు ఇంకొంచెం పెరిగిందే. ఆర్డరు వెళ్ళకపోవడమే మంచిదైంది."

ఆమె రెండోసారి తానే చదువుకుంటూ తానే నొక్కింది. ఈసారి గొంతు ఒప్పుకుంది. సంఖ్య సరైనదే, లైసెన్స్ అసలైనదే, కానీ అది ఈ యంత్రానిది కాదు అంది. ఆ లైసెన్స్ ఉన్న యంత్రం వేరే చోట నిక్షేపంగా పనిచేస్తోందట.

మేనకోడలు ఫోన్ పక్కన పెట్టి ల్యాప్‌టాప్ వంక అనుమానంగా చూసింది. కొన్నప్పుడు ఇది ఉన్నట్టు కూడా తెలిసేది కాదు. ఇప్పుడేమో ఫ్యాన్ కీచుమంటోంది, అడుగున చెయ్యి పెడితే కాలుతోంది. తిరగేసి చూసింది. నల్లటి మరమేకులు ఉండాల్సిన చోట బంగారు రంగువి మెరుస్తున్నాయి. చీమ తలంత మరమేకులు. అలాంటివే గాజుబల్ల మీద డబ్బా నిండా ఉన్నాయి.

మావయ్య చెయ్యి జేబు మీదికి వెళ్ళింది.

ఎవరికైనా రిపేరుకిచ్చావా అని ఆమె అడిగింది. ఇవ్వలేదన్నాడు. ఎవడైనా వచ్చి లోపలున్న, లైసెన్స్ అంటిపెట్టుకుని ఉండే మంచి మదర్‌బోర్డు కొట్టేసి పాతది తగిలించి పోయాడా అని అడిగింది. ఇక్కడికి అలాంటివాళ్ళెవరూ రారన్నాడు. అయితే ఈ మరమేకులు ఎక్కణ్ణుంచి వచ్చాయంటే, వాటిని ఆసక్తిగా పరిశీలించి, కంపెనీవాళ్ళు ఈమధ్య నాణ్యత పెంచినట్టున్నారన్నాడు. ఆమె చెయ్యి చాచింది. ఆయన స్క్రూడ్రైవర్ ఇచ్చేశాడు. అడుగు మూత విప్పి చూస్తే లోపల ముసలి బోర్డు, దాని మీద పాతసామాన్ల కొట్టువాళ్ళు వేసే ఎర్ర రంగు గుర్తు. ఇలాంటి బోర్డులు ఆమె ఆఫీసులో చాలా చూసింది. వేడెక్కితే చాలు, చెప్పాపెట్టకుండా ఆగిపోయే రకం.

అన్ని సెలవు రోజులు కొట్లన్నీ తిరిగి, అంత ఏరి కొన్న వస్తువుకి పట్టిన గతి చూసి ఆమెకి నీరసం వచ్చింది. ఎవరు మార్చారో తరవాత తేలుద్దాం, ముందు డ్రైవరు అద్దాల సంగతి చూద్దామనుకుని మూత బిగించేసింది. ల్యాప్‌టాప్‌లోనే ఇలాంటి చిక్కులు విడదీసే చోటు ఒకటి ఉంటుంది. అది చాలా ఆరాలు తీసి, చివరికి ఒక మీట చూపించింది. దాని మీద 'ఈ యంత్రంలో ఈమధ్య భాగాలు మార్చాను' అని ఉంది. అది నొక్కితే లైసెన్స్ మొదట ఉన్న బోర్డును వదిలేసి ఇప్పుడున్నదాన్ని పట్టుకుంటుంది. గొడవ వదిలిపోతుంది.

ఆమె వేలు మీట మీదికి వెళ్ళేలోపే మావయ్య అరచెయ్యి తెర మీద వాలింది.

"నొక్కకే."

"ఎందుకు?"

ఆయన డ్రైవరు వైపు చూసి గొంతు తగ్గించాడు. "అది ఇక్కడికొస్తే అక్కడ పోతుంది కదా?"

"ఎక్కడ?"

మావయ్య కళ్ళు పైకెత్తి కప్పు వైపు చూశాడు. మేడ మీద ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది.

మేడ మీద అద్దెకుండేది ఇళ్ళ ప్లాన్లు గీసే ఆవిడ. మంచం దిగలేని తల్లిని చూసుకుంటూ ఇంటిపట్టున చేసుకోగలిగిన పని అదొక్కటే. మావయ్య ల్యాప్‌టాప్ చూసి అచ్చం అలాంటిదే కొనుక్కుంది. కొన్నాళ్ళకి ఆ ల్యాప్‌టాప్ గీత మధ్యలో ఉండగా ఆగిపోవడం మొదలైంది. గీసిందల్లా పోయేది, మళ్ళీ మొదట్నుంచీ గీసేది. ఇంకోసారి ఆలస్యమైతే పని వేరేవాళ్ళకిస్తామని ఇళ్ళు కట్టేవాళ్ళు చెప్పేశారు. ఆ రోజు ఆవిడ మేడమెట్ల మీద కూర్చుని కొంగుతో మొహం కప్పుకుని ఏడవడం మావయ్య చూశాడు. ఇదంతా ఆయన ముక్కలు ముక్కలుగా, వేరే ఎవరి సంగతో అన్నట్టు చెప్పాడు.

"ఊరికే ఇస్తే తీసుకోదే ఆవిడ. ముక్కు బిళ్ళ మార్చినా చేతిలో ఏదో ఒకటి పెట్టకుండా వెళ్ళదు. అందుకని దుమ్ము పట్టింది, ఊది ఇస్తానని తెచ్చాను."

"ఊది, నీ బోర్డు అందులో పెట్టావు."

"నేనేం..." అని మొదలుపెట్టి, తెర మీది మీట వైపు చూసి ఆగిపోయాడు.

పాతసామాన్ల కొట్లో తెచ్చిన ఆ బోర్డేదో ఆవిడకే పెట్టి, మంచిది తన దగ్గరే ఉంచుకోవచ్చు కదా అని మేనకోడలు అడిగింది. కోపంగా అడగాలనుకుంది గానీ మెత్తగానే అడిగింది.

"అది వేడెక్కితే ఆగిపోతుంది. ఆవిడ సగం గోడ గీశాక ఆగితే ఎలా? నాదేముంది, ఆగితే ఆగుతుంది. ఈలోపు ఇంకో కళ్లజోడు బిగిస్తాను."

మేనకోడలు ఆయన మొహం చూసింది. ఒక చెవి మీద నల్లకాడ, ఇంకో చెవి మీద గోధుమరంగు కాడ. ఆ కళ్లజోడు తాలూకు రెండో నల్లకాడ ఇప్పుడు ఎవరి చెవి మీద ఉందో అడగాలనిపించింది. అడగలేదు. ఏం చెబుతాడో ఆమెకి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఇన్నేళ్ళూ ఆ మాట విని విసుక్కున్నందుకు, విసుక్కున్న ప్రతిసారీ ఈయన తలొంచుకుని ఊరుకున్నందుకు ఆమెకి బాధేసింది. కానీ అది చెప్పుకునే సమయం కాదు, డ్రైవరు అప్పటికే రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

ఆమె ఆలోచించింది. ఆమె చదువుకునే రోజుల ల్యాప్‌టాప్ ఒకటి ఇంట్లో అటక మీద ఉంది. తెర పగిలి ఇక లేవనని పడుకుంది గానీ, దాని కోసం విడిగా కొన్న లైసెన్స్ ఆమె పేరు మీద అలాగే ఉంది. చచ్చిన యంత్రానికి లైసెన్స్ ఏం చేసుకోవడానికి? మళ్ళీ ఫోన్ తీసి, మళ్ళీ ఆ గొంతుకి అన్ని అంకెలూ ఓపిగ్గా నొక్కి, ఆ లైసెన్స్‌ను పాతదాని నుంచి విడిపించి మావయ్య ల్యాప్‌టాప్‌కి మళ్ళించింది. ఆ గొంతుకి అలసట అంటూ ఉండదు. ఆమెకి ఉంది, చెయ్యి మార్చి చెయ్యి గడ్డానికి ఆనించుకుంటూ పూర్తిచేసింది. మేడ మీది ల్యాప్‌టాప్ జోలికి ఎవరూ పోనక్కర్లేదు.

అయినా చివర్లో తెర ఆ మీట చూపించనే చూపించింది. 'ఈ యంత్రంలో ఈమధ్య భాగాలు మార్చాను.'

"నొక్కు," అన్నాడు మావయ్య.

"నేను మార్చలేదుగా. ఎవరు మార్చారో వాళ్ళే నొక్కాలి."

మావయ్య అటూ ఇటూ చూశాడు. అత్తయ్య వెనక గదిలో ఉందని రూఢి చేసుకున్నాడు. డ్రైవరుకి ఇంత దూరం కనిపించదని తనకన్నా బాగా ఎవరికీ తెలియదు. కాసేపు మీట చుట్టూ వేలు తిప్పాడు. తరవాత కళ్లజోడు తీసి జేబులో పెట్టుకుని, తనకేమీ కనబడకుండా చూసుకుని, నొక్కాడు.

"ఏదో తగిలినట్టుందే," అన్నాడు.

తెర మూలన అక్షరాలు మాయమయ్యాయి. కంపెనీ ప్రోగ్రాం ఏమీ ఎరగనట్టు తలుపు తెరిచింది. మావయ్య డ్రైవరును మళ్ళీ బోర్డు ముందు కూర్చోబెట్టి, పెరిగిన పవరు సరిచూసి, ఆర్డర్లన్నిటికంటే ముందు ఆయనది పంపాడు. అద్దాలు బయల్దేరతాయని కబురు వచ్చాక డ్రైవరు స్టూలు దిగి, ఇంతకీ ఏమైంది డాక్టరుగారూ అని అడిగాడు. దుమ్ము పట్టింది బాబూ, మా అమ్మాయి ఊదింది అన్నాడు మావయ్య. టీలు తెచ్చిన అత్తయ్య ముందు భర్త జేబు వైపు, తరవాత గోడగడియారం వైపు చూసి, అన్నీ ఉన్నాయనిపించాక గ్లాసులు అందించింది.

మేనకోడలు టీ తాగి, ఇంటికి వెళ్ళి పడుకోవాలని లేచింది. అప్పుడే ప్లాన్లు గీసే ఆవిడ ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని మెట్లు దిగి వచ్చింది. పని ఆగకుండా సాగుతున్న మనిషి మొహంలో ఉండే కళ ఆవిడ మొహంలో ఉంది.

"బాబాయిగారూ, మీరు ఊదాక మళ్ళీ ఒక్కసారి కూడా ఆగలేదండీ. కాకపోతే ఈ మరమేకులు బంగారు రంగుకి తిరిగాయేమిటా అని."

"దుమ్ము పోయాక అలాగే మెరుస్తాయమ్మా," అన్నాడు మావయ్య.

ఆవిడ నమ్మింది. నమ్మి, కాస్త మొహమాటపడుతూ, తనతో పాటు ప్లాన్లు గీసే స్నేహితురాలి ల్యాప్‌టాప్ కూడా ఇలాగే ఆగిపోతోందని, అదీ ఇదే రకమని, వీలుంటే దాన్నీ కాస్త ఊదిపెట్టగలరా అని అడిగింది. తీసుకురమ్మనమ్మా, ఊదడానికేముంది అన్నాడు మావయ్య. ఆవిడ సంతోషంగా మెట్లెక్కి వెళ్ళిపోయింది.

 మావయ్య కళ్లజోడు పెట్టుకున్నాడు. ఆయన చూపు మెల్లగా తిరిగి తిరిగి, నేల మీద ఉన్న మేనకోడలి ఆఫీసు ల్యాప్‌టాప్ సంచి దగ్గర ఆగింది.

ఆమె వంగి సంచి తీసుకుని, రెండు చేతుల్తో గుండెకి హత్తుకుంది.

"నేనేం ముట్టుకోలేదు కదే," అన్నాడు మావయ్య.

"ఇంకా ముట్టుకోలేదు," అంది మేనకోడలు. ఆ రోజంతటిలో ఆమె నవ్వడం అదే మొదలు.